అత్తగారు నాటిన పన్నీరు గులాబీని ఎలా కాపాడుకోవాలి?

గుంటూరు జిల్లాలోని ఒక పట్టణం నుంచి, పేరు ప్రకటించవద్దని కోరుతూ, ఒక ఉపాధ్యాయురాలు దసరా సెలవులలో సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమె అత్తగారు కాపురానికి వచ్చిన కొత్తలో, బాపట్ల దగ్గరి పుట్టింటి నుంచి తడి గోనెపట్టాలో చుట్టి తెచ్చి నాటిన గులాబీ కొమ్మ ఇప్పుడు వారి పెరట్లో నిలువెత్తు గుబురుగా ఉంది. పూవు చిన్నది, ముదురు గులాబీ రంగు, ఒత్తైన రెక్కలు. కోసిన సాయంత్రానికే వాడిపోతుంది, కానీ తెల్లవారుజామున పెరటి తలుపు తీయగానే ఇంట్లోకి పరిమళం వస్తుంది. ఏడాది పొడవునా విడతలు విడతలుగా పూస్తూ, కార్తీకం నుంచి మాఘం వరకు విరగబూస్తుంది. ఇంట్లో దానిని పన్నీరు గులాబీ అంటారు. శుక్రవారం పూజకు ఆ పూలే వాడటం ఆ ఇంటి అలవాటు.

ఇప్పుడు ఆ ఇల్లు, స్థలం అపార్ట్‌మెంట్ కట్టడానికి బిల్డరుకు ఇచ్చారు. సంక్రాంతి తరువాత కూల్చివేత మొదలవుతుంది. కుటుంబం రెండేళ్ల పాటు మూడో అంతస్తులోని అద్దె ఇంట్లో ఉండాలి. అక్కడ ఉన్నది తూర్పు ముఖంగా ఒక బాల్కనీ మాత్రమే, ఎండ నాలుగు గంటలకు మించి ఉండదు. ఎనభైకి దగ్గరపడిన అత్తగారు ‘ఈ వయసులో నా చెట్టుకు కత్తి పెట్టవద్దు, అది ఉన్నన్నాళ్లే నేనూ’ అంటూ ఆ మాట ఎత్తనివ్వడం లేదు. హైదరాబాదు శివార్లలో సొంత ఇల్లు ఉన్న ఆడపడుచు చెట్టును వేళ్లతో సహా తవ్వి తనకు పంపమంటున్నారు. భర్త ‘నర్సరీలో ఇలాంటివి వంద దొరుకుతాయి’ అంటున్నారు. అమెరికాలోని టెక్సస్‌లో ఉంటున్న కొడుకు, వచ్చేటప్పుడు నాలుగు కొమ్మలు తెమ్మన్నాడు. ఉత్తరం రాసినావిడ మే నెలలో ఎవరికీ చెప్పకుండా కొన్ని కొమ్మలు నాటితే అన్నీ ఎండిపోయాయి. అది చూసిన అత్తగారు ‘నీ హస్తవాసికి గులాబీ రాదు’ అన్నారు. అంతకు ముందు నర్సరీ నుంచి తెచ్చిన గులాబీ కూడా ఏడాది తిరిగేసరికి వేరే పూలు పూసి, తరువాత చచ్చిపోయింది. చెట్టును కదిలించవచ్చా, కుండీలో పెంచితే ఆ వాసన ఉంటుందా, అసలు ఇది ఏ గులాబీ, ఎవరి మాట వినాలి, అత్తగారికి చెప్పి చేయాలా చెప్పకుండా చేయాలా అన్నవి ఆమె ప్రశ్నలు. ఉత్తరం చివర మరొకటి అడిగారు: మందు కొట్టిన చెట్టు పూలు పూజకు, గుల్కందుకు పనికివస్తాయా?

అమ్మా, మీ ఉత్తరంలో రెండు చింతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఒకటి ఆ గులాబీ జాతి మీ కుటుంబంలో నిలవడం. రెండవది పెరట్లో ఉన్న ఆ ఒక్క గుబురు బతకడం. మీ ఇంట్లో అందరూ రెండవ దాని గురించే పోట్లాడుకుంటున్నారు. మొదటి దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. మొదటిది చాలావరకు మన చేతిలో ఉన్న పని, రెండవది అంతగా మన చేతిలో లేదు. కాబట్టి ముందుగా మొదటి దానికి పూచీ కల్పించుకుంటే, రెండవ దాని విషయంలో ఎవరి మాట నెగ్గినా నష్టం భరించగలిగినంతే ఉంటుంది.

కొమ్మ నాటి పెంచిన గులాబీ తల్లిమొక్కకు బిడ్డ వంటిది కాదు, అది ఆ మొక్కే. గింజ నుంచి వచ్చిన మొక్కలో గుణాలు మారతాయి. కొమ్మ నుంచి వచ్చినదానిలో రంగు, రెక్కల ఒత్తు, వాసన అన్నీ అవే ఉంటాయి. మీ అత్తగారు గోనెపట్టాలో చుట్టి తెచ్చినది కూడా పుట్టింటి చెట్టు నుంచి కోసిన కొమ్మే. ఆ పుట్టింటి చెట్టుకు కూడా ఆ రోజున కత్తి తగిలే ఉంటుంది.

ఇక ఇది ఏ గులాబీ అన్న సంగతి. పన్నీరు గులాబీ అన్న పేరు మన వైపు ఒక్క రకానికే పరిమితం కాదు. వాసన గట్టిగా ఉన్న నాటు గులాబీలను చాలావాటిని అలాగే పిలుస్తారు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో అత్తరు, రాజస్థాన్‌లోని పుష్కర్‌లో పన్నీరు తీసే డమాస్క్ గులాబీ ఉత్తరాది మైదానాలలో మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక్క విడత పూసి ఊరుకుంటుంది. మీది ఏడాది పొడవునా పూస్తోంది కాబట్టి అది కాదు. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే, మన దేశంలో ఎడ్వర్డ్ గులాబీ అని పిలిచే బోర్బన్ జాతికి చెందినదని నా అభిప్రాయం. ఈ జాతి పుట్టుక హిందూ మహాసముద్రంలో, అప్పట్లో బోర్బన్ అని పిలిచిన రీయూనియన్ దీవిలో. అక్కడ పొలాల చుట్టూ కంచెగా వేసిన రెండు రకాలు, అంటే రెండు విడతలు పూసే డమాస్క్, చైనా నుంచి వచ్చిన ఓల్డ్ బ్లష్, సహజంగా కలిసి కొత్త మొక్క పుట్టింది. దాని విత్తనాలు 1819 ప్రాంతంలో పారిస్‌లోని తోటమాలి జాక్ చేతికి చేరడంతో ఐరోపాలో బోర్బన్ గులాబీల వంశం మొదలైంది. డమాస్క్ నుంచి వాసన, చైనా గులాబీ నుంచి పదే పదే పూసే గుణం, వేడిని తట్టుకునే ఓర్పు దీనికి వచ్చాయి. మన కోస్తా వేడిలో అది దశాబ్దాలు నిలవడానికి కారణం ఆ రెండో వారసత్వమే.

పేరు తేలకపోయినా దిగులు పడనవసరం లేదు. మీ అబ్బాయి ఉన్న టెక్సస్‌లోనే, పాత శ్మశానాల దగ్గర, పాడుబడిన ఇళ్ల దగ్గర మిగిలిపోయిన పేరు తెలియని గులాబీల కొమ్మలు సేకరించి పెంచే ఔత్సాహికులు ఉన్నారు. అసలు పేరు దొరికే వరకు వారు ఆ గులాబీని దొరికిన ఊరి పేరుతోనో, ఆ ఇంటివారి పేరుతోనో పిలుస్తారు. మీరు కూడా ప్రతి కుండీకి మీ అత్తగారి పుట్టింటి ఊరి పేరు, కొమ్మ కోసిన తేదీ రాసి కట్టండి. అబ్బాయికి మాత్రం కొమ్మలు పెట్టెలో పెట్టుకుని తీసుకువెళ్లవద్దు. ముందస్తు అనుమతి, తెగుళ్లు లేవన్న ధ్రువపత్రం, తనిఖీ లేకుండా గులాబీ కొమ్మలను ఆ దేశంలోకి అనుమతించరు. ఓల్డ్ బ్లష్ అక్కడి నర్సరీలలో దొరుకుతుంది. మీ గులాబీకి బంధువే కాబట్టి అతను దానిని పెంచుకోవచ్చు.

మీ భర్త మాటలో తప్పు వెతకను. అయితే నర్సరీలో వంద గులాబీలు దొరికినా అవి ఎక్కువగా హైబ్రిడ్ టీ, ఫ్లోరిబండా అనే కొత్త సంకర రకాలు. 1867లో వచ్చిన లా ఫ్రాన్స్ అన్న రకాన్ని హైబ్రిడ్ టీ వంశానికి తొలి మొక్కగా లెక్కిస్తారు. అంతకు ముందున్న వంశాలనే గులాబీ ప్రియులు పాత తోట గులాబీలు అంటారు. కొత్త రకాలను మొగ్గ ఆకారం కోసం, కాడ పొడవు కోసం, కోసిన తరువాత ఎక్కువ రోజులు నిలవడం కోసం ఎంపిక చేస్తూ వచ్చారు. ఆ ఎంపికలో చాలావాటికి వాసన జారిపోయింది. 2015లో ఫ్రాన్సు పరిశోధకులు, వాసన గట్టిగా ఉన్న గులాబీలలో జిరానియాల్ అనే పరిమళ ద్రవ్యం తయారీకి నుడిక్స్1 అనే ఎంజైము కారణమని, వాసన లేని రకాలలో ఆ జన్యువు చాలా మందకొడిగా పనిచేస్తోందని చూపించారు. అంటే వాసన లేని రకానికి మనం ఎంత ఎరువు వేసినా వాసన రాదు. మీరు తెచ్చిన నర్సరీ మొక్క ఏడాదికి వేరే పూలు పూయడానికి కూడా కారణం ఉంది. అవి అంటు మొక్కలు. కింద మొండి జాతి వేరుమొక్క, పైన మనకు కావలసిన రకం. అంటు కట్టిన చోటు కింద నుంచి వచ్చే పిలకలను తుంచకపోతే అవే బలపడి పై భాగాన్ని చంపేస్తాయి. మీ నాటు గులాబీకి ఆ భయం లేదు. అది సొంత వేళ్ల మీద నిలిచిన మొక్క కాబట్టి మొదలు నుంచి వచ్చే పిలక కూడా అదే పూవు పూస్తుంది.

మే నెలలో మీ కొమ్మలు ఎండిపోవడానికి హస్తవాసి కారణం కాదు. మన ప్రాంతంలో ఎండ నలభై డిగ్రీలు దాటే ఆ నెలలో, వేరు లేని కొమ్మ తాగే నీటి కంటే ఆవిరయ్యే నీరే ఎక్కువ. ఇప్పుడు దసరా వెళ్లింది, ఎండ తగ్గింది, గాలిలో తేమ ఉంది. ఇదే కొమ్మలకు మంచి కాలం. సంక్రాంతికి ఇంకా ఇంచుమించు మూడు నెలలు ఉన్నాయి, అది సరిపోతుంది.

ఇటీవల పూసి రాలిన, పెన్సిలు లావున ఉన్న కొమ్మలను ఉదయం పూట కోయండి. మరీ లేత కొమ్మ కుళ్లుతుంది, మరీ ముదిరినది వేరు పట్టదు. ఒక్కొక్కటి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు, నాలుగైదు కణుపులతో ఉండాలి. అడుగున కణుపుకు కాస్త దిగువగా ఏటవాలుగా కోసి, కింది ఆకులు తీసివేసి, పైన ఒకటి రెండు ఆకులు మాత్రం ఉంచి, ఐ.బి.ఎ. ఉన్న వేరు హార్మోను పొడి అద్ది, ఇసుక, కొబ్బరి పొట్టు సమంగా కలిపిన తొట్టిలో రెండు కణుపులు లోపలికి పోయేలా గుచ్చండి. పైన పల్చని పాలిథిన్ కవరు కప్పి, వెలుతురు ఉండి నేరుగా ఎండ తగలని చోట పెట్టండి. తడి ఉండాలి, నీరు నిలవకూడదు. చాలామంది పోగొట్టుకునేది ఇక్కడే: రెండు వారాలలో చిగురు కనిపించగానే వేరు వచ్చిందనుకుని కొమ్మ లాగి చూస్తారు. ఆ చిగురు కొమ్మలో నిలవ ఉన్న ఆహారంతో వచ్చినది కావచ్చు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి, ఆకులు ముదిరి, రెండో విడత చిగురు వస్తున్నప్పుడే కుండీలోకి మార్చండి. ముప్ఫై కొమ్మలు పెట్టండి. సగం పోయినా మీకు, ఆడపడుచుకు, ఇరుగుపొరుగుకు మిగులుతాయి.

దీనితో పాటు, నేల దగ్గరగా వంగిన రెండు మూడు కొమ్మలను అంటు తొక్కండి, అంటే చెట్టు నుంచి వేరు చేయకుండానే మట్టిలో పాతి వేరు పట్టించండి. కొమ్మకు తల్లి చెట్టు నుంచి ఆహారం అందుతూనే ఉంటుంది కాబట్టి ఇది కొమ్మ నాటడం కంటే నమ్మకమైన పద్ధతి. మామూలుగా నేలలోనే తొక్కుతారు. కానీ ఆ నేల మీకు ఉండదు కాబట్టి చెట్టు పక్కన మట్టి నింపిన కుండీ పెట్టి అందులోకి తొక్కండి. వంచిన చోట అడుగు వైపు బెరడును ఒక అంగుళం మేర చెక్కి, మట్టిలో మూడు అంగుళాల లోతున పెట్టి, పైకి లేవకుండా రాయి పెట్టండి. జనవరి మొదటి వారంలో తల్లి వైపు కొమ్మను కోస్తే కుండీతో సహా మీ వెంట వస్తుంది. ఎత్తున ఉన్న కొమ్మకైతే గాలి అంటు కట్టవచ్చు, అంటే బెరడు చెక్కిన చోట తడి నాచు చుట్టి కొమ్మ మీదనే వేరు పట్టించవచ్చు.

గుబురు మొత్తాన్ని తవ్వి హైదరాబాదు పంపడం గురించి జాగ్రత్తగా ఆలోచించండి. సాధ్యం కాదని చెప్పను. డిసెంబరులో, కొమ్మలను అడుగున్నర ఎత్తుకు కుదించి, వేళ్ల ముద్ద చెదరకుండా గోనెపట్టాలో కట్టి తీసుకువెళితే పాత గులాబీలు కూడా కొన్ని బతుకుతాయి. అందుకు నెల ముందే చుట్టూ సగం వలయం కందకం తీసి వేళ్లు కోసి, ఎరువు కలిపిన మట్టి నింపాలి. రెండు వారాల తరువాత మిగిలిన సగం. అప్పుడు మొదలు దగ్గర సన్నని వేళ్లు పుట్టి, తరలించాక నీరు పీల్చుకోగలుగుతుంది. అక్కడి ఎర్రనేల, చలికాలపు చల్లదనం గులాబీకి మీ నల్లరేగడి కంటే అనుకూలమే. అయినా దశాబ్దాల మొద్దు ఈ దెబ్బ తట్టుకుంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. బతికితే అత్తగారు దానిని ఎప్పుడో కానీ చూడలేరు. చస్తే ఆ నింద మీ ఆడపడుచు మీద పడి అన్నాచెల్లెళ్ల మధ్య చాలాకాలం నిలుస్తుంది. కొమ్మలు వేరు పట్టి చేతిలో ఉన్నాయని తేలిన తరువాతే ఈ ప్రయత్నం చేయడం మంచిది. ఆమెకు ఇదే మాట వివరించి, ఆమె వాటాగా రెండు అంటు కుండీలు ముందే ఖాయం చేయండి. ఆ తరువాత కూడా గుబురు కావాలంటే పంపించండి. ఆమెదీ ఆ చెట్టు కింద పెరిగిన బాల్యమే.

మొత్తం గుబురును డ్రమ్ములోకి ఎత్తి అద్దె ఇంటి బాల్కనీలో పెట్టాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. తడిసిన మట్టితో అది మోయలేని బరువు. నాలుగు గంటల ఎండ ఆ పరిమాణం చెట్టుకు చాలదు.

మరొక దారి మీ ఉత్తరంలో లేదు, కానీ అది నాకు ముఖ్యంగా తోస్తోంది. కొత్త భవనం చుట్టూ ఖాళీ స్థలం వదలక తప్పదు. సాధారణంగా దానిని కూడా సిమెంటుతో కప్పేస్తారు. తూర్పు వైపు ఎండ తగిలే చోట మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పున నేలను కప్పకుండా వదలాలని బిల్డరుతో ఇప్పుడే రాతపూర్వకంగా ఒప్పించుకోండి. నిర్మాణం ముగిశాక అడిగితే ఆ మాట నెగ్గడం కష్టం. అప్పుడు ఆ చోట సిమెంటు, సున్నం కలిసిన మట్టిని రెండడుగుల లోతు తీసివేసి, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు నింపి, మీ కుండీలలో ఒక మొక్కను నాటవచ్చు. ఇబ్బంది ఒకటుంది: అది అందరి ఉమ్మడి స్థలం అవుతుంది, పక్క ఫ్లాట్ల వారు పూలు కోస్తారు. దానికి మీ ఇంట్లో అందరూ సిద్ధపడాలి.

ఇప్పుడు అత్తగారి సంగతి. చెప్పకుండా చేస్తే పని త్వరగా అవుతుంది, కానీ మే నెలలో జరిగింది చూశారు. ఈసారి కొమ్మలు బతికినా అవి ఆమెకు తెలియకుండా కోసినవే అవుతాయి. మగవారి చేత గట్టిగా చెప్పించడం మరొక దారి. ఇల్లు కోల్పోతున్న మనిషికి చెట్టు విషయంలో కూడా తన మాట చెల్లలేదని రుజువు చేసినట్టవుతుంది. నేనైతే ఆమెను అనుమతి అడగకుండా, పని నేర్పమని అడుగుతాను. ఏ కొమ్మ అయితే వేరు పడుతుంది, తన పుట్టింట ఎలా కోశారు, గోనెపట్టాలో ఎన్ని రోజులు ఉంచారు అని అడగండి. దశాబ్దాల నుంచి ఆ చెట్టును చూస్తున్న మనిషికి, ఏ కొమ్మ ఎప్పుడు పూసిందో మన పుస్తకాల కంటే బాగా తెలుసు. కొమ్మ ఆమె చూపిస్తే మీరు కోయండి. వద్దంటే వారం ఆగి మళ్లీ అడగండి. కార్తీకం చివరి వరకు ఆ వ్యవధి మీకు ఉంది. అప్పటికీ ఒప్పుకోకపోతే, కోత అవసరం లేనట్టే కనిపించే అంటు తొక్కడం ఒక్కటైనా ఆమె ఎదుటే చేయండి. కొమ్మను వంచి మట్టి కప్పడాన్ని ఆమె కాదనకపోవచ్చు. అదీ కాదంటే, చెట్టు ఆమెది కాబట్టి నేను ఇక ఒత్తిడి చేయను. అయితే అలా ఆగితే జాతి పోయే ప్రమాదం ఉందని ఆమెకు ఒకసారి స్పష్టంగా, కోపం లేకుండా చెప్పవలసిన బాధ్యత మీ భర్తది, మీది కాదు.

బాల్కనీలో వాసన ఉంటుందా అని అడిగారు. ఉంటుంది, కానీ పూలు తగ్గుతాయి. పద్ధెనిమిది అంగుళాల వెడల్పున్న కుండీ తీసుకుని రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక, గుప్పెడు వేపపిండి కలపండి. ఎండ పడే అంచుకు దగ్గరగా పెట్టండి; వేసవిలో మాత్రం కుండీ గోడ వేడెక్కకుండా గోనెపట్టా చుట్టండి. యూరియా జోలికి పోవద్దు. ఆకు ఏపుగా పెరిగి పూవు తగ్గుతుంది, తామర పురుగులు, పేను బంక వచ్చి చేరతాయి. బోరు నీటిలో ఉప్పు, సున్నం ఎక్కువైతే లేత ఆకులు పసుపుగా మారి ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తాయి. అది ఇనుము అందకపోవడం. లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయండి. వర్షపు నీరు పట్టుకోగలిగితే అంతకంటే మంచిది లేదు. కత్తిరింపు కూడా హైబ్రిడ్ మొక్కలకు చేసినట్టు మోడుగా కొట్టేయవద్దు. ఈ జాతికి ఏటా అక్టోబరులో ఎండుపుల్లలు తీసి, మిగిలిన కొమ్మలను మూడో వంతు కుదిస్తే చాలు. నలభై యాభై రోజులలో పూత వస్తుంది. కొమ్మ చివర నుంచి నల్లబడుతూ దిగితే, పచ్చని భాగం కనిపించే వరకు కోసి, కోసిన చోట మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో పేస్టు పూయండి.

పూలు సూర్యుడు పైకి రాకముందే కోయండి. పరిమళ ద్రవ్యాలు ఎండకు త్వరగా ఆవిరవుతాయి. కన్నౌజ్, పుష్కర్ రైతులు తెల్లవారుజామునే కోత ముగించేది అందుకే. కొత్త మొక్కలకు వచ్చే మొదటి విడత మొగ్గలను మాత్రం తుంచివేయండి, వేరు బలపడుతుంది.

చివరి ప్రశ్నకు సమాధానం. ఘాటైన పురుగుమందు కొట్టిన చెట్టు పూలను గుల్కందుకు వాడవద్దు. బయట కొన్న మొక్కకు నర్సరీలో ఏ మందు కొట్టారో తెలియదు కాబట్టి దాని పూలు కూడా మొదటి కొన్ని నెలలు తినడానికి పనికిరావు. మీ ఇంటి మొక్కకు లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి, పూలన్నీ కోసేసిన సాయంత్రం పిచికారీ చేస్తే, ఆ తరువాత విచ్చిన పూలను పూజకు నిస్సంకోచంగా వాడండి. గుల్కందుకైతే వారం ఆగి, కొత్తగా విచ్చిన పూలను కోసి, కడిగి నీడన ఆరబెట్టిన రెక్కలనే తీసుకోండి.